మూడో పేను

పాయ తీసి క్లిప్పు పెట్టడం, చెవి వెనకనుంచి నడినెత్తి దాకా పేలదువ్వెన లాగడం, దాన్ని తెల్ల కాగితం మీద దులపడం. పెద్దమ్మ ఆ పని మొదలుపెట్టి అప్పటికి నాలుగు నిమిషాలైంది. కాగితం మీద ఒక దూదిపోగు, రెండు వెంట్రుకలు, పొద్దున తిన్న రొట్టె తాలూకు నలుసొకటి తప్ప ఏమీ పడలేదు. రొట్టె నెత్తిలోకి ఎలా చేరిందని పిల్లల్ని అడిగి లాభం లేదన్న సంగతి ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆవిడకి తెలిసిపోయింది.

స్టూలు మీద కూర్చున్న పిల్లకి ఎనిమిదేళ్ళు. అందరూ దాన్ని మిరియం అంటారు. చిన్నగా, నల్లగా, గుండ్రంగా ఉంటుంది, కొరికినవాడికి గాని ఘాటు తెలీదు. మామూలుగా దువ్వెన తగలగానే దాని నోరు తెరుచుకుంటుంది. పక్క మంచం పిల్ల గురక, వంటాయన ఈల, తను పెద్దయ్యాక కొనబోయే లారీ, అన్నీ ఆ పది నిమిషాల్లోనే చెప్పాలి. ఇవాళ నోరు విప్పలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఎదురుగా గోడమీద పళ్ళు తోముకునే పద్ధతి నేర్పే బొమ్మకేసి చూస్తూ కూర్చుంది.

సరిహద్దు దాటి, వెంట పెద్దదిక్కు లేకుండా వచ్చిన పిల్లల్ని ఉంచే ఆ షెల్టర్లో పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది, రూళ్ళు తొంభై ఆరు. పెద్దమ్మ మెడలో వేలాడే కార్డు మీద ‘ద్విభాషా సంరక్షకురాలు’ అని ఉంటుంది. అంటే పిల్లల్ని వాళ్ళ భాషలో లాలించి, ఆ లాలించిన సంగతి ఆఫీసు భాషలో ఫారం మీద రాయాలి. లాలించడానికి కూడా కొలత ఉంది. పద్నాలుగో రూలు ప్రకారం పిల్లల్ని ఎదురుగా కావలించుకోకూడదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు. పక్కనుంచి భుజం మీద చెయ్యి వేసి, మనసులో మూడు లెక్కపెట్టి తీసెయ్యాలి. పిల్లల్ని కాపాడ్డానికే ఆ రూలు రాశారు, కాదనడానికి లేదు. కాని వెక్కివెక్కి ఏడ్చే పిల్లకి మూడంకెల ఓదార్పు ఏ మూలకి?

ముప్ఫై ఒకటో రూలు వేరు. నెత్తి దురదగా ఉందని ఏ పిల్ల చెప్పినా ఆ రోజే, తలుపు బార్లా తెరిచిపెట్టి, పది నిమిషాలకి తగ్గకుండా తల చూడాలి. ఆ పది నిమిషాలూ తల పట్టుకోవచ్చు, నిమరవచ్చు, పాయలు తియ్యవచ్చు. అది వైద్యం కిందికి వస్తుంది. మిరియం వచ్చిన రెండో రోజే ఈ సంగతి కనిపెట్టింది. “పెద్దమ్మా, నెత్తి దురద” అంది. చూస్తే తల అద్దంలా ఉంది. మర్నాడు మళ్ళీ దురద. ఆ మర్నాడూ దురదే. నలభై ఆరు రోజులు, నలభై ఆరు ఫారాలు, అన్నిటి మీదా ఒకటే మాట: పేలు లేవు.

ఆ ఫారాలు మొదటినుంచి చివరిదాకా చదివే ప్రాణి ఆ భవనంలో ఒక్కడే ఉన్నాడు. విభాగం అధికారి, ముప్ఫై ఏళ్ళవాడు, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. పిల్లలు అతన్ని ఫారాల బాబు అంటారు. అతనికి ఆ కుర్చీ ఇచ్చిన రోజున వంటాయన “పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట” అన్నాడు గాని, మరీ అంత చెడ్డవాడేం కాదు. గుడ్డు మీద ఈకలు పీకుతాడు, అంతే. నిన్ననే పెద్దమ్మని పిలిచి ఫైలు ముందు పెట్టాడు.

“నలభై ఆరు సార్లు చూశారు. ఒక్కసారీ దొరకలేదు. లేనప్పుడు రోజూ ఎందుకమ్మా చూడటం?”

“లేవని తెలియాలంటే చూడాలి కదండీ” అంది పెద్దమ్మ.

ఫారాల బాబు ఎర్రపెన్ను మూత తీశాడు, ఆలోచించాడు, మళ్ళీ పెట్టేశాడు. ఆ జవాబుని ఏ గడిలో రాయాలో అతనికి తోచలేదు.

నిజానికి ఆవిడకి లోకంలో అన్నిటికన్నా బాగా వచ్చిన పని ఇదే. ఆరుగురు తోబుట్టువుల్లో పెద్దది. తల్లి తెల్లారకముందే పనికి పోయేది. సెలవురోజు వచ్చిందంటే గుమ్మంలో అయిదు తలలు వరసగా కూర్చునేవి, వాటి వెనక దువ్వెన పట్టుకుని ఈవిడ. ఆఖరి చెల్లెలికి ఏడేళ్ళు వచ్చేసరికి ఈవిడకి పెళ్ళయి, మొగుడి వెంట ఈ దేశం వచ్చేసింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పెళ్ళికి ముందు పంపిన ఫోటోలో నెత్తిన టోపీ ఉంది. టోపీ కింద ఏమీ లేదన్న సంగతి పెళ్ళయ్యాక తెలిసింది. మంచి మనిషి, మాటలు తక్కువ, వెంట్రుకలు బొత్తిగా లేవు. పిల్లలు కలగలేదు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికేచోట పద్దెనిమిదేళ్ళు పనిచేసి, అక్కడి రేడియో విని ఆఫీసు భాష నేర్చుకుంది. యాభై దాటాక, రెండు భాషలొచ్చిన మనిషి కావాలంటే ఈ షెల్టర్లో చేరింది. మడమలు వాచిపోయాయి, చూపు ఆనక కళ్ళజోడు దారం కట్టి మెళ్ళో వేసుకుంది. అన్నేళ్ళ తర్వాత, రోజూ తనంతట తనే వచ్చి కూర్చునే తల ఒకటి చేతికి దొరికింది. ఇంక వదులుతుందా.

ఏడో నిమిషంలో ఎడమ చెవి పైన, వెంట్రుకలు మొలవని పెసరగింజంత మచ్చ పక్కనుంచి దువ్వెన లాగి కాగితం మీద దులిపింది. నువ్వుగింజలాంటిది ఒకటి పడింది. నువ్వుగింజకి కాళ్ళుండవు. దీనికి ఉన్నాయి.

(ఈ పాటికి మీ చెయ్యి కూడా నెత్తిమీదికి వెళ్ళే ఉంటుంది. ఫరవాలేదు, గోక్కోండి. పేల మాట వింటే ఎవరికైనా అంతే.)

ఇంకో రోజైతే పెద్దమ్మ పేను దొరికినందుకు సంబరపడేది, నలభై ఆరు ఫారాలకీ ఒక్క దెబ్బతో మర్యాద దక్కేది. కాని ఇవాళ మిరియం వెళ్ళిపోయే రోజు. రెండింటికి నర్సమ్మ ప్రయాణ పరీక్ష చేస్తుంది. నాలుగింటికి తల్లి వస్తుంది. ఆ తల్లి ఎక్కడో చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, తొమ్మిది గంటలు బస్సులో కూర్చుని వస్తోంది. పిల్లని తీసుకెళ్ళడానికి ఆమెకిచ్చిన అనుమతి కాగితం ఈ సాయంత్రం అయిదింటిదాకానే చెల్లుతుంది. నర్సమ్మకి ఒక్క పేను కనిపించిందంటే ప్రయాణం ఏడు రోజులు వాయిదా. ఏడు రోజులు వాయిదా పడితే కాగితం చచ్చినట్టే. మళ్ళీ మొదటినుంచీ వేలిముద్రలు, ఇంటి తనిఖీ, సంతకాలు, తక్కువలో తక్కువ మూడు నెలలు.

“దొరికిందా?” అంది మిరియం. పొద్దున్నుంచీ అది పలికిన మొదటి మాట. గొంతులో భయం లేదు, ఆత్రం ఉంది.

పెద్దమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. చేతికున్న రబ్బరు తొడుగులు ఊడదీసింది. పేనుని ఎడమ బొటనవేలి గోటిమీద పెట్టి కుడి గోటితో కుక్కింది. టప్పుమంది. రూలు ప్రకారం దాన్ని టేపుకి అంటించి, తేదీ వేసి, నర్సమ్మకి అందించాలి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనుకుంది.

“ఇది నీ నెత్తిలోకి ఎలా వచ్చిందే?”

“ఏమో. వచ్చింది. ఇంక ఏడు రోజులు నేనిక్కడే కదా పెద్దమ్మా?”

అప్పుడు వెలిగింది ఆవిడకి. పోయిన వారం ఒక అన్నాచెల్లెళ్ళ ప్రయాణం పేల మూలాన ఆగిపోతే, ఎందుకాగిందో పిల్లలందర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది తనే. ఒకరి దువ్వెన ఒకరు వాడకండర్రా, పేలున్నవాళ్ళని ఏడు రోజులదాకా కదలనివ్వరు అని. జాగ్రత్తపడతారని చెప్పిన మాట. ముప్ఫై ఏడు మంది జాగ్రత్తపడ్డారు. మిగిలిన ఒక్కదాని విషయంలో మాత్రం దొంగచేతికి తాళాలిచ్చినట్టయింది. అనుమతి కాగితాల గడువు సంగతి అప్పుడు చెప్పలేదు. పెద్దవాళ్ళ గొడవలు పిల్లలకెందుకులే అనుకుంది.

తొమ్మిదో నిమిషంలో ఇంకొకటి దొరికింది. దాన్నీ కుక్కేసింది. ఈరు ఎక్కడా కనిపించలేదు, అంటే సరుకు కొత్తది. ఫారం తీసుకుని, చాలాసేపు ఆలోచించి, “పరీక్ష ముగిసేసరికి తలలో పేలు కనిపించలేదు” అని రాసింది. అబద్ధం కాదు. ముగిసేసరికి కనిపించలేదన్నది నిజమే. సంతకం పెట్టేసింది.

ఆ రోజు భవనం మొత్తంలో మిరియంది కాక పేలున్న తల ఇంకొక్కటే ఉంది. మొన్న సాయంత్రం వచ్చిన పదకొండేళ్ళ పిల్ల, బట్టలుతికే గది పక్కన విడిగా ఉంది. మందు రాసి, నెత్తికి ప్లాస్టిక్ టోపీ తొడిగి, రెండు మూరల దూరంలో ఉండి మాట్లాడాలని తలుపుకి కాగితం అంటించారు. పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడింది. ఆ పిల్ల మంచం మీద బాసిపట్టు వేసుకుని, బిస్కెట్టు అంచులు కొరుకుతూ, గుండ్రంగా చేసుకుంటూ తింటోంది. దిండు పక్కన ఇంకో బిస్కెట్ల పొట్లం, దాని మీద మిరియం ఊదారంగు క్లిప్పు ఉన్నాయి.

“ఆ క్లిప్పు ఎక్కడిదే?”

“కొనుక్కున్నా.”

“ఏమిచ్చి?”

ఆ పిల్ల బిస్కెట్టు నమలడం పూర్తిచేసి, మూతి తుడుచుకుంది. “నువ్వు తిట్టనంటే చెప్తా.”

“తిట్టను.”

“మూడు పేలు. రెండు పొట్లాలకీ, క్లిప్పుకీ. టూత్‌పేస్టు మూతలో పెట్టిచ్చా.”

పెద్దమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. “మందు రాశారు కదే నీకు. బతికున్నవి ఎక్కణ్ణించి వచ్చాయి?”

“మందు రాయకముందే తీసి దాచా.”

“ఎందుకు?”

“ఎవరికైనా కావాల్సొస్తాయేమోనని.”

దారిలో ఈ పిల్ల ఏమేం అమ్మి, ఏమేం కొని ఇంతదూరం వచ్చిందో పెద్దమ్మ ఊహించదలుచుకోలేదు. ఆ క్షణం నుంచి దానికి షావుకారు అని పేరు పెట్టుకుంది.

“సరిగ్గా మూడేనా?”

“మూడే. నేను మోసం చెయ్యను. ఒకటి మరీ చిన్నదంటే మార్చి ఇచ్చా కూడా.”

మూడు. దొరికినవి రెండు. టైము పదకొండున్నర.

మధ్యాహ్న భోజనాల దగ్గర తలలు లెక్కపెట్టడం పెద్దమ్మ పని. గది మారినప్పుడల్లా, గుమ్మం దాటినప్పుడల్లా లెక్కపెట్టాలి. ఆవిడకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో వంటగది నుంచి ముందుగదిలోకి వచ్చినా మొగుణ్ణి చూసి “ఒకటి” అనుకుంటుంది. ఇవాళ రెండుసార్లు లెక్క తప్పింది. కళ్ళు ముప్ఫై ఎనిమిది తలల మీద కాక, ఒక్క తలమీదే తిరుగుతున్నాయి. మిరియం అన్నం కెలుకుతోంది గాని తినడం లేదు. మధ్యలో ఒకసారి చెవి వెనక గోక్కుంది. పెద్దమ్మ చేతిలో గరిటె జారి పప్పులో పడింది.

ఒంటిగంటకి ఇంకో ఫారం కోసం వెళితే ఫారాల బాబు తల ఎత్తాడు.

“ఇవాళ రెండోసారా?”

“ప్రయాణం కదండీ. జాగ్రత్తకి.”

అతను నీలం పెన్నుతో ఫారం నంబరు వేసి ఇచ్చాడు. “ఇంక రేపట్నించి తగ్గుతాయిలెండి” అన్నాడు. మామూలుగా అన్న మాటే. పెద్దమ్మకి మాత్రం అది గుండెలో గుచ్చుకుంది.

నర్సమ్మకి చెప్పి మందు రాయిద్దామా అంటే, మందుకి నర్సమ్మ సంతకం కావాలి, సంతకం పడితే ఏడు రోజులు పడ్డట్టే. నర్సమ్మ దయగల మనిషే, కాని ఆవిడ చేతిలో పెన్ను ఉంది. ఇంక దువ్వెనే గతి. పెద్దమ్మ కిటికీ దగ్గరికి స్టూలు జరిపి, కళ్ళజోడు ముక్కుమీదికి దించుకుని, పాయ పాయా విడదీసింది. నడినెత్తి మీద రెండు సుళ్ళు, ఒకటి కుడికీ, ఒకటి ఎడమకీ తిరిగి ఉంటాయి. మెడ దగ్గర వెంట్రుకలు మెత్తగా, పైన మొండిగా. ఈ నలభై ఏడు రోజుల్లో తన అరచెయ్యి కన్నా ఎక్కువ తెలిసిన తల అది. పేను మాత్రం లేదు.

“మూడోది ఎక్కడుందే?” అంది.

మిరియం భుజాలు బిగుసుకున్నాయి. షావుకారు చెప్పేసిందని అర్థమైంది దానికి.

“నీకు మీ అమ్మ దగ్గరికి వెళ్ళాలని లేదా?”

మిరియం చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకుంది.

“విను. ఏడు రోజులు కాదు. ఇవాళ వెళ్ళకపోతే మీ అమ్మ కాగితం పోతుంది. మూడు నెలలు. అంతకన్నా ఎక్కువ కూడా పట్టచ్చు. తొమ్మిది గంటలు బస్సులో వచ్చి, ఆవిడ ఒట్టిచేతుల్తో వెనక్కి పోవాలి. నీకు తెలీదు, చెప్పకపోవడం నాదే తప్పు.”

మిరియం పళ్ళు తోముకునే బొమ్మకేసి తిరిగింది. తర్వాత, అంత చిన్న గొంతుతో అది మాట్లాడటం పెద్దమ్మ ఎప్పుడూ వినలేదు.

“ఆవిడకి నా తల తెలీదు.”

“ఏంటీ?”

“అమ్మమ్మకి తెలుసు. అమ్మమ్మ పోయింది. నీకు తెలుసు. ఆవిడకి తెలీదు. నాకు నాలుగేళ్ళప్పుడు వెళ్ళిపోయింది. ఫోన్లో తిన్నావా అంటుంది, పడుకున్నావా అంటుంది. నా తల గురించి ఒక్కసారీ అడగలేదు.”

పెద్దమ్మ కళ్ళజోడు తీసింది. ముందుకి వచ్చి, వాచిన మోకాళ్ళ మీద ఎలాగో కూలబడి, పిల్లని ఎదురుగానే, రెండు చేతులతోనే, గట్టిగా కావలించుకుంది. దాని తల తన చెవికి ఆనింది. ఒకటి, రెండు, మూడు. ఇంక వదిలెయ్యాలి. నాలుగు. అయిదు. మిరియం ఏడుపు మొదలుపెట్టింది. పదకొండు దగ్గర పెద్దమ్మకి లెక్క తప్పింది, లెక్క తప్పడం ఆ రోజుకది మూడోసారి. అయిదుగురు చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ వదిలి వచ్చేటప్పుడు ఎవర్నీ ఇలా పట్టుకోలేదు, సామాను సర్దే హడావుడిలో కుదరలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళకి గుర్తొచ్చి ఆవిడా ఏడ్చింది. తలుపు బార్లా తెరిచే ఉంది. బట్టలుతికేవాడు దుప్పట్ల బండి తోసుకుంటూ పోతూ చూసి, చూడనట్టు పోయాడు.

లేచాక మళ్ళీ దువ్వింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. మూడో పేను లేదు. ఉందో లేదో తెలీని పేనుని నెత్తిన పెట్టుకునే రెండింటికి నర్సమ్మ గదిలోకి వెళ్ళారు ఇద్దరూ.

నర్సమ్మ దీపం వెలిగించి, భూతద్దం పట్టుకుని మొదలుపెట్టింది. తొందర లేని మనిషి. పెద్దమ్మ గోడకి ఆనుకుని నిలబడి, తొంభై ఆరు రూళ్ళూ మనసులో అప్పజెప్పుకుంటోంది. మిరియం కదలకుండా కూర్చుంది. ఆ పిల్ల ఇప్పుడు ఏది దొరకాలనుకుంటోందో, ఏది దొరక్కూడదనుకుంటోందో దాని మొహం చూస్తే తెలియడం లేదు.

“ఇదేమిటీ?” అని ఆగింది నర్సమ్మ.

నర్సమ్మ పట్టకారుతో ఏదో తీసి దీపం దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

“రొట్టె” అంది. “మీ పిల్లలు రొట్టె నోటితో తినరా అండీ?”

‘లేవు’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది. పెద్దమ్మకి తల ప్రాణం తోకకొచ్చినంత పనైంది. మూడోది ఏమైందో ఆవిడకి అంతుపట్టలేదు. ఎక్కడో రాలిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

తల్లి మూడుంపావుకే వచ్చేసింది. ముప్ఫై దాటని మనిషి, బక్కగా ఉంది. పని నుంచి తిన్నగా బస్సెక్కినట్టుంది, ఫ్యాక్టరీ చొక్కానే వేసుకుంది. రోజంతా పెట్టుకునే జుట్టువల నుదుటిమీద ఎర్రటి గీత వదిలింది. కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో సంచీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. పిల్ల రాగానే లేచి నిలబడింది గాని, ఏ రూలూ ఆపకపోయినా ముందుకి అడుగు వెయ్యలేదు. మిరియం పెద్దమ్మ వెనకనుంచి తొంగిచూసి, నేర్పినట్టుగా అంది.

“బాగున్నారా? మీ ప్రయాణం బాగా జరిగిందా?”

కన్నకూతురు ‘మీరు’ అంటూ మర్యాదగా మాట్లాడేసరికి తల్లి మొహం పాలిపోయింది. “బాగా జరిగిందమ్మా” అని, ఆ తర్వాత ఏమనాలో తెలీక, “తిన్నావా?” అంది.

మిరియం పెద్దమ్మకేసి చూసింది. చెప్పానా, అన్నట్టు.

బల్ల దగ్గర ఫారాల బాబు కాగితాలు పేరుస్తున్నాడు. అప్పగింత ఫారంలో సంరక్షకురాలు నింపాల్సిన గడి ఒకటుంది, ‘ఇంటి దగ్గర కొనసాగించవలసిన వైద్యం’ అని. ఎవరూ ఏమీ రాయరు, అడ్డగీత కొట్టేస్తారు. పెద్దమ్మ పెన్ను తీసుకుని రాసింది: “తల పరీక్ష. రోజూ ఒకసారి. పది నిమిషాలకి తగ్గకుండా. పిల్ల చాలు అనేవరకు.” రాసి, అదే మాట తల్లికి తమ భాషలో చదివి వినిపించింది.

“పేలున్నాయా?” అంది తల్లి కంగారుగా.

“లేవమ్మా.”

“మరి రోజూ ఎందుకండీ చూడటం?”

ఆమె ఏమడిగిందని ఫారాల బాబు అడిగితే పెద్దమ్మ ఆఫీసు భాషలో చెప్పింది. అతను ఫారం మీదనుంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“లేవని తెలియాలంటే చూడాలి కదా.”

అని, ఇంకో కాగితం తీశాడు. “వైద్యం రాశాక దానికి కావలసిన పరికరం కూడా మనమే ఇవ్వాలి. రూలు అరవై రెండు. ఆ దువ్వెన ఇలా ఇవ్వండి, నంబరు వేస్తాను.” అతను ఆకుపచ్చ పెన్ను వాడగా పెద్దమ్మ చూడటం అదే మొదటిసారి. పెద్దమ్మకి అతన్ని కూడా మూడంకెలు లెక్కపెట్టి కావలించుకోవాలనిపించింది, బాగుండదని మానేసింది.

దువ్వెన తల్లి చేతికి వచ్చింది. ఆమె దాన్ని తిప్పి చూసింది, పిల్లని చూసింది, కుర్చీలో కూర్చుంది. మిరియం వెళ్ళి ఆమె ముందు నేలమీద, వీపు ఆమె వైపు పెట్టి కూర్చుంది. పరీక్షకి కూర్చున్నట్టే కూర్చుంది, పరీక్ష ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తల్లి వేళ్ళు మొదట భయంభయంగా తిరిగాయి, నడినెత్తి మీద సుళ్ళు దాటాయి, ఎడమ చెవి పైన మచ్చ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

“ఇదింకా ఉందా” అంది. ఎవరితోనూ కాదు. “మంచంకోడు తగిలింది. రెండేళ్ళప్పుడు. నేను నాలుగు రోజులు దువ్వెన ముట్టుకోలేదు, భయమేసి.”

“గోడ తగిలిందంది అమ్మమ్మ” అంది మిరియం.

“గోడ కాదు, మంచంకోడే. అప్పుడు నిన్ను చూస్తూ ఉండాల్సింది అమ్మమ్మే. కునుకు తీసింది. అందుకని తప్పు గోడ మీదికి తోసేసింది.”

మిరియం ఈ కొత్త సంగతిని కాసేపు నెమరేసుకుంది. అమ్మమ్మ కునుకు తియ్యడం దానికి తెలుసు. తల్లి దువ్వెన ఆనించి ఒక్క లాగు లాగింది.

“అబ్బా, మెల్లగా లాగవే అమ్మా” అంది మిరియం.

తల్లి ఆగి, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుని, మెల్లగా లాగింది.

నాలుగూ పదికి గేటు దాటారు. మిరియం వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి ఏదో అడుగుతోంది, అది చేతులు ఆడిస్తూ చెప్తోంది, లారీ గురించే అయి ఉంటుంది. చూస్తుందేమోనని పెద్దమ్మ కిటికీ దగ్గర ఇంకో నిమిషం నిలబడి, లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టింది. ముప్ఫై ఏడు. ఈసారి లెక్క తప్పలేదు.

ఇంటికి వెళ్ళే బస్సులో చెవి వెనక చిమచిమలాడింది. పొద్దుటినుంచీ పేల గొడవే కదా, మనసు చేసే పని అనుకుంది. రెండు స్టాపులు దాటాక అది మనసు కాదని తేలిపోయింది. మనసుకి ఆరు కాళ్ళుండవు. ఇది చెవి వెనకనుంచి నెమ్మదిగా పైకి, పిల్ల తల ఆనిన చోటినుంచే, నడుచుకుంటూ పోతోంది. బస్సులో పెద్దమ్మ ఒక్కతే పకపకా నవ్వింది. పక్కనున్నాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఇంట్లో ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర ఎవరిదో చేతిగడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఒకటి, అనుకుంది అలవాటుగా. ముడి విప్పి, ఆయన ముందు పీట వేసుకుని, వీపు తిప్పి కూర్చుంది.

“ఏవండీ, నా నెత్తిలో ఒక పేను ఉంది. తీస్తారా.”

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కాపురంలో ఆయన వినని కోరిక అది. కంటికి అద్దం బిగించుకున్నాడు, సన్నటి పట్టకారు తీసుకున్నాడు, దీపం ఇటు తిప్పాడు. గడియారం లోపలి పళ్ళచక్రాలు ముట్టుకునే వేళ్ళతో మొదటి పాయ పక్కకి తీశాడు. అప్పుడు తెలిసింది ఆవిడకి. గుమ్మంలో అయిదు తలల వెనక కూర్చున్నప్పటినుంచీ ఇవాళ్టిదాకా తన వెనక ఎవరూ కూర్చోలేదు. మెడమీద ఆయన ఊపిరి తగులుతుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

“దొరికింది” అన్నాడు ఆయన కాసేపటికి. దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి అద్దంలోంచి చూశాడు. “పెద్దదే. ఎక్కణ్ణించి వచ్చింది?”

“ఒక పిల్ల ఇచ్చింది.”

“చంపెయ్యనా?”

లెక్కలేనన్ని పేలు కుక్కిన గోళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ ఆలోచించింది.

“ఉండనివ్వండి కాసేపు” అంది. “నెత్తిలో ఇంకా ఉన్నాయేమో చూడండి.”

మూడేనని, షావుకారు మోసం చెయ్యదని, ఆవిడకి తెలుసు. ఆయన ఇంకో పాయ తీశాడు. బల్లమీద, బోర్లించిన గాజుగ్లాసు కింద, మూడో పేను కాగితం అంచుదాకా నడిచి, గ్లాసు తగిలి ఆగి, వచ్చిన దారినే మళ్ళీ నడక మొదలుపెట్టింది.